మొద్దు అనేముందు...

ఈ వారం ఎమ్మిగనూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది. సారాంశం ఇది:

"డాక్టరు గారికి నమస్కారాలు. మాది మగ్గం కుటుంబం. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు నిండాయి. నాలుగో తరగతి చదువుతున్నాడు. నోటితో అడిగితే కథలు, ఎక్కాలు అన్నీ గడగడా చెప్తాడు. పుస్తకం ముందు పెడితే కూడబలుక్కుని కూడబలుక్కుని చివరికి ఏడుస్తాడు. రాస్తే ఒక చోట వత్తు ఉండదు, ఒక చోట దీర్ఘం ఉండదు. మగ్గం దగ్గర మాత్రం తెగిన పోగును వాళ్ళ నాన్న కంటే ముందు కనిపెడతాడు. పోయిన నెల, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చూసే టీచరమ్మ మా ఇంటికి వచ్చి, అబ్బాయిని ఆసుపత్రిలో పరీక్ష చేయించి భవిత కేంద్రానికి తీసుకురమ్మని చెప్పింది. మా మామగారికి కోపం వచ్చింది. మా ఇంటావంటా పిచ్చివాళ్ళు లేరు, ఇంకోసారి రావద్దని చెప్పి పంపేశారు. మా ఆయన, చదువు రానివాడికి స్కూలెందుకు, మానిపించి మగ్గం మీద కూర్చోబెడతాను అంటున్నారు. మా పిల్లవాడు నిజంగా మొద్దా? తెలివి పెరగడానికి మంచి టానిక్కు ఏదైనా ఉంటే రాయగలరు."

అమ్మా, ముందు మీ ప్రశ్నలకు జవాబులు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళతాను. ఎక్కాలు గడగడా చెప్పే పిల్లవాడు మొద్దు కాడు. తెలివి పెంచే టానిక్కు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. మీ మామగారు వెనక్కి పంపిన టీచరమ్మ మీ ఇంటికి మేలు చేయడానికి వచ్చింది. ఆమెను మళ్ళీ పిలిపించండి. మగ్గం నేర్చుకోవడం మంచిదే. మీ ఊరికి పేరు తెచ్చిన విద్య అది. స్కూలు విడిచాక సాయంత్రం నాన్న పక్కన కూర్చుంటే తప్పేమీ లేదు. తొమ్మిదేళ్ళకే బడి మానిపించడం మాత్రం తప్పు. చట్టం ప్రకారమూ తప్పే.

ఇక వివరాలు. మీ ఇంటికే కాదు, చాలా ఇళ్ళకు పనికొచ్చే సంగతులివి.

నేను చేసిన పొరపాటు

దాదాపు 20 ఏళ్ళ కిందటి మాట. మంత్రాలయానికి దగ్గరలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒక రైతు తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చాడు. "పాపకు ధ్యాస లేదు సార్. పాఠం చెప్తావుంటే ఎటో చూస్తాది. స్కూల్లో రోజూ దెబ్బలే" అన్నాడు. ఆ రోజు ఓ.పీ.లో వందమంది దాకా ఉన్నారు. నేను ఆ పిల్ల నాలుక చూశాను, పొట్ట నొక్కి చూశాను, ఒక బి కాంప్లెక్సు సీసా రాసిచ్చాను. "బాగా చదువుకోవాలమ్మా, అట్లా పరధ్యానంగా ఉండకూడదు" అని ఒక నీతివాక్యం కూడా చెప్పాను.

నాలుగు నెలలు గడిచాయి. ఆ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆమె తన కొడుక్కి జ్వరమని వచ్చింది. మందులు తీసుకుని వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"సార్, ఒక మాట. ఆ రైతు బిడ్డ ఉంది గదా, ఆ పాప బువ్వ పెట్టించుకునేటప్పుడు కూడా అట్లే నిలబడిపోతాది సార్. రెప్పలు టపటపా కొట్టుకుంటాయి. పళ్ళెం వంగిపోయి బువ్వ కింద పడతాది. పిలిచినా పలకదు. మళ్ళా ఏమీ జరగనట్టు ముద్ద నోట్లో పెట్టుకుంటాది. ఆకలిమీదున్న బిడ్డ అన్నం దగ్గర పరధ్యానంగా ఎందుకుంటాది సార్?"

ఆ ఒక్క ప్రశ్న నేను వేసుకుని ఉండవలసింది. మర్నాడే ఆ పిల్లను పిలిపించాను. ఒక కాగితం ముక్క చేతికిచ్చి దాన్ని ఆగకుండా గట్టిగా ఊదమన్నాను. రెండు నిమిషాలైనా కాలేదు, చెయ్యి ఆగిపోయింది, చూపు నిలిచిపోయింది, రెప్పలు కొట్టుకున్నాయి. పది లెక్కపెట్టేలోగా మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది. తనకేమయిందో తనకు తెలియదు. అది ఒక రకం మూర్ఛ. కింద పడిపోవడం, నురగ రావడం ఉండవు కాబట్టి దాన్ని మూర్ఛ అని ఎవరూ అనుకోరు. ఇలాంటివి రోజుకు పదుల సార్లు కూడా వస్తాయి. వచ్చినప్పుడల్లా పాఠంలో ఒక ముక్క తెగిపోతుంది. తెగిన ముక్కల పాఠం ఏ పిల్లకు మాత్రం అర్థమవుతుంది? (ఆ ఊదించే పరీక్ష ఇంట్లో చేయకండి, డాక్టరు ఎదుటే చేయాలి.)

కర్నూలు పెద్దాసుపత్రికి పంపి పరీక్షలు చేయించాం. మందు పడింది. కొద్ది వారాల్లో ఆ నిలబడిపోవడాలు ఆగిపోయాయి. ఆ పిల్ల తర్వాత పదో తరగతి పాసైంది. రోగాన్ని పట్టుకున్నది ఎం.బి.బి.ఎస్. చదివిన నేను కాదు, గరిటె పట్టుకున్న ఆ తల్లి. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్తున్నాను. స్కూల్లో పాఠం చెప్పేవారు కాక ఇంకా ఎవరెవరు మీ పిల్లవాణ్ణి గమనిస్తున్నారో మీకు తెలియాలని.

బడిలో ఎవరెవరుంటారు?

వంట చేసే ఆమెకు ఏ పిల్లవాడు అన్నం వదిలేస్తున్నాడో తెలుస్తుంది. మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయాకు ఏ పిల్ల మాటిమాటికీ బయటికి వస్తోందో, ఏ పిల్ల మూలన కూర్చుని ఏడుస్తోందో తెలుస్తుంది. ఊళ్ళోని ఏ.ఎన్.ఎం.కు బరువు, రక్తం, మాత్రల లెక్క తెలుస్తుంది. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఏ.ఎన్.ఎం. అక్కడే ఉంటుంది. పిల్లలకు పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదలలో తేడాలు కనిపెట్టడానికి 2013లో దేశమంతటా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు దీని పరిధిలోకి వస్తారు. స్కూలు పిల్లలను ఏడాదికొకసారి, అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలన్నది దాని నియమం.

వీరందరితోపాటు మీ ఇంటికి వచ్చిన టీచరమ్మ వంటివారున్నారు. వీరిని ఐ.ఇ.ఆర్.పి.లు అంటారు. చూపు, వినికిడి, మాట, నడక, నేర్చుకోవడం వీటిలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఎలా నేర్పాలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు. మండలంలోని భవిత కేంద్రం వీరు పనిచేసే చోటు. అవసరమైతే పిల్లవాడి స్కూలుకీ, ఇంటికీ వస్తారు. వీరు పిచ్చి డాక్టర్లు కారు. మీ అబ్బాయికి పిచ్చి అని ఆమె అనలేదు, పరీక్ష చేయించమంది. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో మీ మామగారికి నిదానంగా చెప్పండి.

బడికి ఇలాంటి మనుషులు అవసరమని పెద్ద పెద్ద నగరాలు కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాయి. 1902లో న్యూయార్క్ నగరంలో కంటి జబ్బులు, చర్మవ్యాధులు, తలలో పేలు ఉన్న పిల్లలను డాక్టర్లు పరీక్షించి స్కూలు నుంచి ఇంటికి పంపేసేవారు. ఇంటి దగ్గర వైద్యం చేయించే స్తోమత లేదు. పిల్లలు వీధుల్లో తిరిగేవారు, చదువు పోయేది. ఆ ఏడాది అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు స్కూళ్ళకు వేశారు. ఆమె పుండ్లకు స్కూల్లోనే కట్లు కట్టింది, ఇళ్ళకు వెళ్ళి తల్లులకు ఏం చేయాలో చూపించింది. ఫలితం చూసి నర్సుల సంఖ్య పెంచారు. 1902 సెప్టెంబరులో 10,567 మంది పిల్లలను ఇంటికి పంపిన నగరం, 1903 సెప్టెంబరులో పంపింది 1,101 మందినే. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. మందుకూ పిల్లవాడికీ మధ్య ఒక మనిషిని నిలబెట్టారు, అంతే. మన దేశంలో స్కూలు పిల్లలకు వైద్య పరీక్షలు 1909లోనే బరోడాలో మొదలయ్యాయి. మనకు లేనిది పరీక్ష కాదు. పరీక్ష తర్వాత పిల్లవాడి వెంటపడే మనిషి కావాలి. ఆ మనిషి మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు వెనక్కి పంపకండి.

నాలుగు పరీక్షలు

చదువులో వెనకబడిన ఏ పిల్లవాడికైనా ముందుగా ఈ నాలుగూ చూడాలి.

1. కళ్ళు: మీ అబ్బాయి తెగిన పోగును కనిపెడతాడు కాబట్టి చూపు బాగుందనుకోకండి. పోగు జానెడు దూరంలో ఉంటుంది, నల్లబల్ల పదడుగుల దూరంలో ఉంటుంది. దగ్గరివి చక్కగా కనిపించి దూరపువి మసగ్గా కనిపించే పిల్లలు చాలామంది. పుస్తకంలోంచి సరిగ్గా ఎక్కించి, బోర్డు మీదివి తప్పుగా ఎక్కించుకుంటున్నాడా? టీ.వీ.కి మరీ దగ్గరగా జరుగుతాడా? కళ్ళు చికిలించి చూస్తాడా? సాయంత్రానికి తలనొప్పి అంటాడా? గోడ క్యాలెండరుకు పదడుగుల దూరంలో నిలబెట్టి, ఒక కన్ను అరచేత్తో మూసి అంకెలు చదివించండి, తర్వాత రెండో కన్ను. అదే వయసు పిల్లవాడు ఇంకొకణ్ణి కూడా పక్కన నిలబెడితే తేడా మీకే తెలుస్తుంది. అనుమానం వస్తే ఆసుపత్రిలో కంటి పరీక్ష చేయించండి. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు ముందుగా స్కూలు పిల్లలనే చూశారు. అద్దాలు కావలసి ఉండీ అప్పటిదాకా తెలియని పిల్లలెందరో అప్పుడు బయటపడ్డారు. ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావని కళ్ళజోడు పెట్టెలో దాచే తల్లులున్నారు. పెళ్ళి సంగతి తర్వాత, ముందు పిల్లకు బోర్డు కనిపించనివ్వండి.

2. చెవులు: చెవి కారడం మన వైపు సర్వసాధారణమని తేలిగ్గా తీసుకుంటాం. చెవిలో చీము రెండు వారాలు దాటి కారుతోందంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండవచ్చు. ఆ పిల్లవాడికి "కల" అన్నది "తల"గా వినిపిస్తుంది. వినిపించిందే రాస్తాడు, తప్పని దెబ్బలు తింటాడు. ఇంట్లో పరీక్ష ఇలా చేయవచ్చు: వాడి వెనక రెండడుగుల దూరంలో నిలబడండి. ఒక చెవిని వేలితో మూయించి, గుసగుసగా "నలభై రెండు", "అరవై ఏడు" ఇలాంటి అంకెలు చెప్పి తిరిగి చెప్పమనండి. తర్వాత రెండో చెవి. తడబడితే డాక్టరుకు చూపించాలి. కారే చెవిలో నూనె, ఆకుపసరు పోయకూడదు. కాలవలో ఈత మాన్పించాలి. చాలా చెవులు మందులతోనే ఆరిపోతాయి. ఆరనివాటికి చిల్లు మూసే ఆపరేషను ఉంది. వైద్యం జరుగుతున్నన్నాళ్ళూ, బాగా వినిపించే చెవి టీచరు వైపు ఉండేలా ముందు వరసలో కూర్చోబెట్టమని స్కూల్లో అడగండి. చెవి వెనక వాపు, జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

3. రక్తం: మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తల్లికి లేని రక్తం బిడ్డకు ఎక్కణ్ణించి వస్తుంది? రక్తం తక్కువైన పిల్లవాడు త్వరగా అలసిపోతాడు, మధ్యాహ్నం పాఠానికి కునుకుతాడు, మనసు నిలవదు. బలపాలు, చాక్‌పీసులు, మట్టి, పచ్చి బియ్యం తింటున్నాడంటే అది చెడ్డ అలవాటని కొట్టకండి. తరచుగా అది రక్తహీనతకే గుర్తు. ఐదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములు, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ వారికి 12 గ్రాములకు తగ్గకూడదు. స్కూల్లో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రలు, ఐదు నుంచి తొమ్మిదేళ్ళ వారికి గులాబి రంగువి, పదేళ్ళు దాటిన వారికి నీలం రంగువి, ఇందుకోసమే. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా ఇందులో భాగమే; కొంకిపురుగులు పేగుల్లో ఉండి రక్తాన్ని తాగేస్తాయి. ఆ రోజుల్లో పిల్లవాణ్ణి తప్పకుండా బడికి పంపండి. చెప్పుల్లేకుండా తిరగనివ్వకండి. స్కూల్లో పెట్టే కోడిగుడ్డు, రాగిజావ వదిలేస్తున్నాడేమో వంటామెను అడగండి.

4. ఉన్నట్టుండి ఆగిపోవడం: పైన నేను చెప్పిన పిల్ల సంగతే. మాట మధ్యలో, ఆట మధ్యలో, అన్నం మధ్యలో కొన్ని క్షణాలు బిగుసుకుపోయి మళ్ళీ మామూలవుతుంటే డాక్టరుకు చెప్పాలి. మూర్ఛ మందు మొదలుపెట్టాక బాగుందని మీ అంతట మీరు ఆపేయకూడదు.

వీటితోపాటు, రాత్రి నోరు తెరిచి గురకపెట్టి నిద్రపోయే పిల్లవాడు పగలు మందకొడిగా ఉండవచ్చు. ముక్కు వెనక కండలు పెరిగాయేమో చూపించండి. ఎత్తు పెరగకుండా మందకొడిగా ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. ఇంట్లో గొడవలు, తండ్రి తాగుడు, బడిలో తోటివారి వెక్కిరింపులు ఇవి కూడా చదువును మింగేస్తాయి. వీటికి రక్తపరీక్ష లేదు. పిల్లవాడితో మెల్లగా మాట్లాడే మనిషే పరీక్ష.

నాలుగూ బాగుంటే?

అమ్మా, మీ ఉత్తరం చదివితే నాకు కలిగిన అనుమానం ఇక్కడ చెప్తాను. చూడకుండా రోగనిర్ణయం చేయకూడదు కాబట్టి దీన్ని అనుమానంగానే తీసుకోండి.

1896లో డాక్టర్ ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక 14 ఏళ్ళ అబ్బాయి గురించి రాశాడు. ఆ అబ్బాయి చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు చేస్తాడు, కళ్ళు బాగున్నాయి. అక్షరాల మాటలు మాత్రం చదవలేడు. పెర్సీ అన్న తన పేరును కూడా అక్షరాలు తారుమారు చేసి రాసి, ఆ తప్పు తనకు తెలుసుకోలేకపోయాడు. వాడికి చదువు చెప్పిన మాస్టారు, పాఠాలన్నీ నోటితోనే చెప్పే పద్ధతి ఉంటే స్కూలు మొత్తానికి వీడే తెలివైనవాడనిపించుకునేవాడని అన్నారట. మీరు రాసింది చదివి, మళ్ళీ ఇది చదవండి. పోలిక మీకే కనిపిస్తుంది.

దీన్ని డిస్లెక్సియా అంటారు. తెలివితేటలకు లోటుండదు. కంటికి కనిపించిన అక్షరాన్ని చెవికి తెలిసిన శబ్దంతో ముడివేసే పని మెదడులో నెమ్మదిగా జరుగుతుంది. మన తెలుగులో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ఎక్కువ. ప, వ, ష ఒకదానికొకటి దగ్గర; ద, డ, ధ దగ్గర. అందరికీ మూడో తరగతికి కుదురుకునే ఈ తేడాలు ఈ పిల్లలకు ఇంకా ఎంతోకాలం పడతాయి. సోమరితనం అని కొడితే త్వరగా వస్తాయా? భయం వస్తుంది, అక్షరం రాదు.

దీనికి మందు లేదు, బోధన ఉంది. ఆ బోధనే మీ ఇంటికి వచ్చిన టీచరమ్మ పని. ఒకేసారి పుస్తకం మొత్తం ముందు పెట్టరు. ఒక అక్షరం తీసుకుంటారు. దాని శబ్దం పలికిస్తారు, పలుకుతూ వేలితో ఇసుకలోనో బియ్యంలోనో రాయిస్తారు. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచేస్తాయి. ఆశ్చర్యపోకండి, పళ్ళెంలో బియ్యం పోసి మనం చేయించే అక్షరాభ్యాసం లాంటిదే ఇది. మనం ఒక్క రోజు చేయించి వదిలేస్తాం, ఆమె రోజూ చేయిస్తుంది. తర్వాత రెండక్షరాల మాటలు, తర్వాత గుణింతాలు, ఆ తర్వాత వత్తులు. దీనికి నెలలు పడుతుంది, ఒక్కొక్కరికి ఏళ్ళు కూడా పడుతుంది. ఆమె ఇంకొక పని కూడా చేస్తుంది: క్లాసు టీచరుకు ఈ పిల్లవాణ్ణి నోటితో ప్రశ్నలడగమని, రాయడానికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వమని, అందరి ముందు లేపి చదివించవద్దని చెప్తుంది. సగం వైద్యం ఈ చివరి మాటలోనే ఉంది.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా తన జాబితాలో చేర్చింది. ఎనిమిదేళ్ళు నిండాక, తగిన పరీక్షలు చేసి వైద్యుల బోర్డు సర్టిఫికెట్టు ఇస్తుంది. దాని వల్ల పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు లభిస్తారు. ఆ కాగితం వాడి నుదుట ముద్ర కాదు, వాడి చేతికి ఊతకర్ర. మీ అబ్బాయికి వయసు సరిపోయింది.

ఒక కష్టం కూడా చెప్పాలి

ఇవన్నీ చదివి, భవిత కేంద్రానికి వెళితే రేపటికి అంతా సర్దుకుంటుందని అనుకోకండి. ఈ పనిచేసేవారు చాలా తక్కువమంది. ఒకే మనిషి ఎన్నో ఊళ్ళు తిరగాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన పల్లెలకు ఆ లెక్క చేరాలంటే ఇంకా చాలా దూరం నడవాలి. అందుచేత ఆమె వచ్చేదాకా ఎదురుచూడకుండా మీరే వెళ్ళండి. వారానికి ఏ రోజు ఉంటుందో కనుక్కుని ఆ రోజు పిల్లవాణ్ణి తీసుకెళ్ళండి. ఆమె చూపించిన పని ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు మీరే చేయించండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, పళ్ళెంలో బియ్యం పోసి పక్కన కూర్చోవడం మీకు వచ్చు.

ఇంకో మాట. నేను ఉండేది మంత్రాలయంలో. పిల్లలకు చదువు రావాలని రాఘవేంద్రస్వామికి మొక్కుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చే తల్లిదండ్రులను రోజూ చూస్తుంటాను. మొక్కుకోండి, ఎవరూ వద్దనరు. దర్శనం చేసుకుని వెళ్ళేటప్పుడు పిల్లవాడి కళ్ళు, చెవులు కూడా పరీక్ష చేయించండి. స్వామి ఏమీ అనుకోరు.

ఎమ్మిగనూరు అమ్మా, మీరు చేయవలసినవి వరుసగా: ఈ వారంలోనే అబ్బాయిని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి కళ్ళు, చెవులు, రక్తం చూపించండి. ఆ చీటీలు తీసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మీ ఆయనను కూడా తీసుకెళ్ళండి. ఆమె వాడికి అక్షరం ఎలా నేర్పుతుందో ఒక్కసారి ఆయన కళ్ళతో చూస్తే చాలు. పోగు పోగు కలిపితేనే బట్ట అవుతుందని నేతపని చేసే మనిషికి నేను చెప్పనక్కరలేదు. మీ మామగారికి ఈ పేజీ చదివి వినిపించండి. మీ అబ్బాయి చేతే చదివించకండి, ఇప్పుడప్పుడే కాదు. వచ్చే ఏడాది వాడి చేతనే నాకు ఉత్తరం రాయించండి. వత్తులు లేకపోయినా నేను చదువుకుంటాను.

పాఠకుల ప్రశ్నలు

ఒక తల్లి, ఆదోని: మా అమ్మాయికి 13 ఏళ్ళు. కస్తూర్బా స్కూల్లో వారం వారం నీలం మాత్ర ఇస్తున్నారు. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందట, విరేచనం నల్లగా వస్తుందట. మానిపించమంటారా?

జవాబు: మానిపించకండి. ఇనుము మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా రావడం సహజం, భయపడవలసింది లేదు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. భోజనం అయ్యాక వేసుకోమనండి. మాత్రతో టీ, పాలు తాగకూడదు. జామకాయ, ఉసిరికాయ, నిమ్మరసం తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అయినా వాంతులు అవుతుంటే అక్కడి ఏ.ఎన్.ఎం.కు చెప్పండి. మాత్రను దాచి పారేయడం కంటే ఆమెకు చెప్పడం మేలు.

ఒక తండ్రి, కౌతాళం: మా ఇంట్లో కన్నడం మాట్లాడతాం. పాపను తెలుగు బడిలో ఒకటో తరగతిలో వేశాం. ఇంట్లో వసపిట్ట, బడిలో నోరు విప్పదు. నరాల డాక్టరుకు చూపించాలా?

జవాబు: అక్కరలేదు. ఇంట్లో బాగా మాట్లాడుతుంది కాబట్టి మాటకు లోపం లేదు. కొత్త భాష వినిపించే చోట కొన్నాళ్ళు మౌనంగా ఉండడం పిల్లలకు మామూలే. మన సరిహద్దు మండలాల్లో కన్నడం వచ్చిన టీచరో, ఆయానో స్కూల్లో తప్పక ఉంటారు. రోజూ నాలుగు మాటలు పాపతో కన్నడంలో మాట్లాడమని వారిని అడగండి. ఇంట్లో కన్నడం మానకండి. సొంత భాష గట్టిగా ఉన్న పిల్లే రెండో భాష త్వరగా నేర్చుకుంటుంది. ఇంట్లో కూడా మాట తగ్గితే, పిలిస్తే పలకకపోతే, అప్పుడు చెవులు చూపించండి.

ఒక కూలీ, కోసిగి: ఏటా సుగ్గికి గుంటూరు మిరపకోతకు పోతాం. పిల్లవాణ్ణి వెంట తీసుకుపోతే తిరిగి వచ్చాక పాఠాలు అందక బడికి పోనంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మూడు నాలుగు నెలలు బడి తప్పితే ఎంత తెలివైనవాడికైనా పాఠం అందదు. మీరు బయలుదేరే ముందే హెడ్మాస్టరును కలిసి, సుగ్గికి పోయేవారి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలు ఉందేమో అడగండి. చేర్చేటప్పుడు వాడికి మూర్ఛ, ఆయాసం వంటి జబ్బు ఏదైనా ఉంటే అక్కడి వారికి చెప్పి, మందు వారి చేతికివ్వండి, ఒక ఫోను నంబరు కూడా రాసివ్వండి. వారానికొకసారి వాడితో మాట్లాడండి. తీసుకుపోక తప్పకపోతే, వెళ్ళిన ఊళ్ళోని బడిలో కూర్చోబెట్టండి. చేర్చుకోమని అడిగే హక్కు మీకుంది. టీకాల కార్డు, బడి కాగితాలు వెంట ఉంచుకోండి.